రోటరీ గ్లోబల్ గ్రాంటుకు దరఖాస్తు చేయాలనుకునే మన ఉమ్మడి చిత్తూరు జిల్లా క్లబ్బులకు

జిల్లా పరిషత్ బళ్లలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. ఉండేది చిత్తూరులో. రిటైరయ్యాక మా రోటరీ క్లబ్బులో సేవా ప్రాజెక్టుల పని నాకు అప్పగించారు. అప్పటినుంచి గ్రాంటు కాగితాలు నా చేతి మీదుగానే వెళ్తున్నాయి. పలమనేరు నుంచి, శ్రీకాళహస్తి నుంచి, తిరుపతి నుంచి కొత్త క్లబ్బులవాళ్లు ఫోన్ చేసి, "మేడమ్, ఆ మ్యాచింగ్ గ్రాంటు ఎట్లా తెచ్చుకోవాల?" అని అడుగుతుంటారు. ఫోన్‌లో సగం విషయాలే చెప్పగలుగుతాను. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను.

ముందు ఈ గ్రాంటు ఎట్లా నడుస్తుందో చెప్తాను. రెండు వేర్వేరు దేశాల క్లబ్బులు కలిసి ఒక పని తలపెట్టి, తలా కొంత డబ్బు వేస్తే, రోటరీ సంస్థకు చెందిన దాతృత్వ విభాగం రోటరీ ఫౌండేషన్ తన ఉమ్మడి నిధి అయిన వరల్డ్ ఫండ్ నుంచి మరికొంత కలుపుతుంది. 1965లో మొదలై మ్యాచింగ్ గ్రాంట్స్ పేరుతో నడిచిన పథకం 2013 జులై నుంచి గ్లోబల్ గ్రాంట్‌గా మారింది. మనలో చాలామంది ఇంకా పాత పేరుతోనే పిలుస్తాం, పరవాలేదు. కానీ దరఖాస్తులో మాత్రం కొత్త నిబంధనలే ఉంటాయి. ప్రాజెక్టు బడ్జెట్ కనీసం 30,000 డాలర్లు ఉండాలి. వరల్డ్ ఫండ్ నుంచి ఒక ప్రాజెక్టుకు గరిష్ఠంగా 4,00,000 డాలర్ల దాకా రావచ్చు. పని జరిగే ఊరి క్లబ్బును హోస్ట్ పార్ట్‌నర్ అనీ, బయటి దేశపు క్లబ్బును ఇంటర్నేషనల్ పార్ట్‌నర్ అనీ అంటారు. ఇద్దరూ సమాన బాధ్యులే.

పని ఏడు రంగాల్లో ఒకదానిలోకి రావాలి: శాంతి స్థాపన, వ్యాధుల నివారణ, నీరు-పారిశుధ్యం, తల్లీబిడ్డల ఆరోగ్యం, ప్రాథమిక విద్య-అక్షరాస్యత, స్థానిక ఆర్థికాభివృద్ధి, పర్యావరణం. చివరిది 2021 జులై నుంచి అమల్లోకి వచ్చింది. చీరలు, దుప్పట్లు, అన్నదానం లాంటివి మంచి పనులే అయినా ఈ గ్రాంటుకు కుదరవు. మనుషులు నివసించే, పనిచేసే కొత్త భవనాలకూ డబ్బు రాదు. అప్పటికే మొదలుపెట్టిన పనికి, మంజూరుకు ముందు పెట్టిన ఖర్చుకు కూడా రాదు. ఈ చివరి విషయాన్ని మీ కాంట్రాక్టరుకు ముందే గట్టిగా చెప్పండి. ముహూర్తం బాగుందని గుంత తవ్వేస్తే ఆ బిల్లు క్లబ్బు మీద పడుతుంది.

ఇక అసలు విషయం. కొత్తవాళ్లు నేరుగా రోటరీ వెబ్‌సైట్‌లో దరఖాస్తు నింపే గ్రాంట్ సెంటర్ తెరిచి కూర్చుంటారు. అక్కడ కాదు మొదలుపెట్టాల్సింది. ఆ పని ఎవరి కోసమో వాళ్ల దగ్గరికి వెళ్లాలి. దరఖాస్తుతోపాటు కమ్యూనిటీ అసెస్‌మెంట్ ఫలితాలు, అంటే ఏం కావాలో అక్కడివాళ్లనే అడిగి తెలుసుకున్న వివరాలు, జత చేయడం తప్పనిసరి. ఇక్కడ చాలామంది చేసేది ఏమిటంటే, సర్పంచ్ దగ్గరో హెడ్‌మాస్టర్ దగ్గరో "మాకు ఇవి కావాలి" అని ఒక లెటర్ తీసుకుని స్కాన్ చేసి పెట్టేయడం. ఫౌండేషన్‌లో చదివేవాళ్లకు ఆ లెటర్ చూడగానే అర్థమైపోతుంది. నాకు దానికంటే బాధ కలిగించేది వేరే ఉంది. అడగకుండా కట్టినవి వాడకుండా పడి ఉంటాయి. తాళం వేసిన బాత్రూములు ఎన్ని బళ్లలో చూశానో నాకే తెలుసు.

ఆడపిల్లల బాత్రూముల ప్రాజెక్టు ఉదాహరణగా చెప్తాను, నాకు బాగా తెలిసింది అదే. పలమనేరు వైపు ఒక హైస్కూలుకు వెళ్లి, తొమ్మిదో తరగతి పిల్లలకు సుద్దముక్కలిచ్చి, "మీ బడి బొమ్మ ఈ వరండాలో గీయండమ్మా, రోజంతా మీరు ఎక్కడెక్కడ తిరుగుతారో గీతలు పెట్టండి" అన్నాను. మగ టీచర్లను కాసేపు దూరంగా ఉండమన్నాను. పిల్లలు గీసిన గీతల్లో ఒకటి వెనక ప్రహరీ సందులోంచి మామిడి తోటలోకి పోయింది. బాత్రూము గది బొమ్మలో ఉంది, కానీ దాని దగ్గరికి ఒక్క గీత కూడా పోలేదు. ఎందుకమ్మా అంటే ఒకమ్మాయి, "నీళ్లు రావు మేడమ్. లోపల గడియ కూడా లేదు, ఇంకో పిల్ల బయట నిలబడి తలుపు పట్టుకోవాల" అంది. ఇంకొకరు పొద్దున్నుంచి నీళ్లు తాగడమే మానేస్తున్నామన్నారు. ఆ మాటతో మా బడ్జెట్ మొత్తం మారిపోయింది. కొత్త గదుల కంటే ముందు నీటి పైపు, లోపలి గడియలు, మూత ఉన్న చెత్తడబ్బా, వెలుతురు అవసరమని తేలింది. గది కట్టడం అందరికీ కనిపించే పని. గడియ బిగించడం అంతగా కనిపించదు. కానీ ఆ పిల్లలు అడిగింది గడియ.

రోటరీ సూచించే పద్ధతుల్లో ఇట్లా పటం గీయించడం ఒకటి. ఊళ్లో సమావేశం పెట్టడం, సర్వే, ముఖాముఖి మాటలు, చిన్న బృందాలతో చర్చ, ఊళ్లో ఉన్న వనరుల లెక్క తీయడం మిగతావి. అన్నీ చేయాల్సిన పనిలేదు, రెండు మూడు బాగా చేయండి. అయితే ఆడవాళ్లను, పిల్లలను, ఊళ్లో మాట పెద్దగా చెల్లని వాళ్లను విడిగా అడగండి. సమావేశంలో పెద్దమనుషుల ముందు వాళ్లు నోరు విప్పరు. ఎవరు ఏమన్నారో తేదీతో సహా నోటుబుక్కులో రాసిపెట్టుకోండి. తర్వాత దరఖాస్తులో వచ్చే ప్రశ్నలు సగానికి పైగా ఆ నోటుబుక్కుతోనే నిండుతాయి.

అట్లాగే ఆ బడికి ఇంతకుముందు ప్రభుత్వం ఏం ఇచ్చిందో చూడండి. నాడు-నేడు కింద పనులు జరిగిన బళ్లు ఉన్నాయి. అక్కడ మళ్లీ అదే పని పెడితే డబ్బు వృథా. ఎంఈఓ ఆఫీసులో అడిగితే చెప్తారు. బోరు నీళ్లైతే ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబులో పరీక్ష చేయించండి. తాగునీటి ప్రమాణాల ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. అంతకు మించితే మీ ప్రాజెక్టు స్వరూపమే మారాలి. ఆ సంగతి దరఖాస్తు పంపాక తెలిస్తే లాభం లేదు.

ఒక బడితో 30,000 డాలర్ల బడ్జెట్ నిండదు. ఒకే రకం అవసరం ఉన్న బళ్లను కలుపుకోవాలి. గుడిపాల, యాదమరి, తవణంపల్లె లాంటి పక్కపక్క మండలాలైతే మనమే వారానికోసారి వెళ్లి చూసుకోవచ్చు. జిల్లా ఆ చివరా ఈ చివరా ఎంచుకుంటే పర్యవేక్షణకు మనుషులు దొరకరు.

అవసరం తేలాక పార్ట్‌నర్‌ను వెతకాలి. అందరికీ టెన్షన్ పెట్టేది ఇదే. "మాకు ఫారిన్ క్లబ్బులో ఎవరూ తెలీదు మేడమ్" అంటారు. తెలిసినవాళ్లు మీ వీధిలోనే ఉంటారు. ఎస్వీ యూనివర్సిటీలో చదువుకుని అమెరికాలో, ఆస్ట్రేలియాలో స్థిరపడినవాళ్ల అమ్మానాన్నలు మన ఊళ్లలోనే ఉన్నారు కదా. వాళ్ల పిల్లలను వాళ్లున్న ఊరి రోటరీ క్లబ్బుకు ఒకసారి వెళ్లి మన ప్రాజెక్టు గురించి చెప్పమని అడగండి. వాళ్లు సభ్యులు కానక్కర్లేదు, అతిథిగా వెళ్లొచ్చు. అది కాకుండా రోటరీ ప్రాజెక్టు ఫెయిర్లు ఉన్నాయి, నీరు-పారిశుధ్యానికి ప్రత్యేకంగా రోటరీ యాక్షన్ గ్రూపు ఉంది. మన రోటరీ డిస్ట్రిక్టులో (ప్రభుత్వ జిల్లా కాదు, చాలా క్లబ్బులు కలిసిన రోటరీ విభాగం) పాత గ్రాంట్లు చేసిన క్లబ్బులను అడిగితే వాళ్ల పార్ట్‌నర్ల పేర్లు చెప్తారు.

ఉత్తరం ఒక్క పేజీ దాటకూడదు. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, వాళ్లే చెప్పిన ఇబ్బంది ఏమిటి, ఏం చేయబోతున్నాం, ఎంత ఖర్చు, అందులో మేము ఎంత వేస్తున్నాం, మీరు ఎంత వేస్తే సరిపోతుంది. ఈ క్రమంలో రాయండి. మేము ఎంత వేస్తున్నామన్నది తప్పకుండా ఉండాలి. మన వంతు చెప్పకుండా అడిగిన ఉత్తరానికి జవాబు రాదు, రాకపోవడం న్యాయమే. "మా పేద గ్రామాలను ఉద్ధరించండి" లాంటి వాక్యాలు రాయొద్దని నా మనవి. ఆ పిల్లలు మన పిల్లలు. వాళ్లను దీనంగా చూపించే హక్కు మనకు లేదు. ముఖాలు కనిపించే ఫొటోలకు తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి.

జవాబు వచ్చాక నెలనెలా వీడియో కాల్ పెట్టుకోండి. మనకు రాత్రి 9 గంటలైతే అమెరికా తూర్పు తీరంలో అదే రోజు ఉదయం, ఇద్దరికీ కుదురుతుంది. పార్ట్‌నర్‌ను డబ్బు పంపే మనిషిగా మాత్రమే చూడకండి. దరఖాస్తులో వాళ్లేం చేస్తారో రాయాల్సిన చోటు ఉంది. మా పార్ట్‌నర్ క్లబ్బులో ఒక రిటైర్డ్ ఇంజనీరు మా ట్యాంకు ఎత్తు సరిపోదని డ్రాయింగు చూసి చెప్పాడు. ఆయన చెప్పింది నిజమే, మా మేస్త్రి కూడా ఒప్పుకున్నాడు.

ఇప్పుడు లెక్క. ప్రతి డిస్ట్రిక్టుకూ డీడీఎఫ్ (డిస్ట్రిక్ట్ డెసిగ్నేటెడ్ ఫండ్) అని ఒక నిధి ఉంటుంది. మూడేళ్ల కిందట ఆ డిస్ట్రిక్టు సభ్యులు ఫౌండేషన్ యాన్యువల్ ఫండ్‌కు ఇచ్చిన విరాళాల్లో సగం దాకా ఇట్లా తిరిగి వస్తుంది. ఈ డీడీఎఫ్ మీద వరల్డ్ ఫండ్ 80 శాతం కలుపుతుంది. క్లబ్బులు వేసే నగదు మీద ఇప్పుడు మ్యాచ్ లేదు. వంద వేస్తే యాభై వస్తుందని పాతవాళ్లు ఇంకా చెప్తుంటారు, ఆ రోజులు పోయాయి. ఉదాహరణకు మన డిస్ట్రిక్టు 10,000 డాలర్ల డీడీఎఫ్, వాళ్ల డిస్ట్రిక్టు 8,000 ఇచ్చాయనుకోండి. మొత్తం 18,000. దాని మీద 80 శాతం అంటే 14,400. మన క్లబ్బు నగదు 3,000. అంతా కలిపితే 35,400 డాలర్లు. నగదు ఫౌండేషన్ ద్వారా పంపితే దాని మీద 5 శాతం, అంటే ఇంకో 150 డాలర్లు అదనంగా కట్టాలి. అది బడ్జెట్‌లోకి రాదు. వరల్డ్ ఫండ్ పోగా మిగతా వాటాల్లో కనీసం 15 శాతం ప్రాజెక్టు జరిగే దేశం బయటి నుంచి రావాలన్న నియమం కూడా ఉంది. మన ఉదాహరణలో 21,000లో 8,000 బయటివి కాబట్టి ఇబ్బంది లేదు.

నగదు కంటే డీడీఎఫ్ ఎందుకంత ముఖ్యమో ఈ లెక్కతో తెలిసిపోతుంది. అందుకే రోటరీ సంవత్సరం మొదలయ్యే జులైకి ముందే డిస్ట్రిక్టు ఫౌండేషన్ కమిటీ చైర్మన్‌ను కలిసి మన ప్రాజెక్టు సంగతి చెప్పి ఉంచాలి. ఆలస్యమైతే ఆ ఏడాది డీడీఎఫ్ వేరే క్లబ్బులకు వెళ్లిపోతుంది. ఈ శాతాలు అప్పుడప్పుడు మారుతుంటాయి, దరఖాస్తు చేసే ఏడాది గ్లోబల్ గ్రాంట్ల నిబంధనల పత్రం డౌన్‌లోడ్ చేసుకుని చదవండి.

క్లబ్బుకు అర్హత కూడా ఉండాలి. ఏటా గ్రాంట్ మేనేజ్‌మెంట్ సెమినార్‌కు కనీసం ఒకరు వెళ్లాలి, అధ్యక్షుడు, కాబోయే అధ్యక్షుడు ఒప్పందపత్రం మీద సంతకం చేయాలి. ఇది చిన్న పని, మర్చిపోతే మాత్రం దరఖాస్తు ముందుకు కదలదు.

విదేశీ డబ్బు విషయంలో కాస్త ఎక్కువ చెప్పాలి. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) ప్రకారం రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా ఏ సంస్థా విదేశీ విరాళం తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాలోకే రావాలి. ఒక సంస్థ తీసుకుని ఇంకో సంస్థకు బదిలీ చేయడం కుదరదు. రిజిస్ట్రేషన్ కావాలంటే ట్రస్టుకు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో సేవాపనుల మీద కనీసం 15 లక్షల రూపాయల ఖర్చు చూపించాలి. ఏటా ఎఫ్‌సీ-4 రిటర్ను వేయాలి. మన చిన్న ఊళ్లలో చాలా క్లబ్బుల ట్రస్టులకు ఈ రిజిస్ట్రేషన్ లేదు. భయపడాల్సిన పనిలేదు. మన దేశంలోనే పోగైన విరాళాల నుంచి రోటరీ ఫౌండేషన్ ఇండియా రూపాయల్లో చెల్లించే గ్రాంట్లు ఉన్నాయి, వాటి ఖాతా వేరు. మీ గ్రాంటు ఏ దారిలో వస్తుందో ఢిల్లీలోని రోటరీ దక్షిణాసియా కార్యాలయానికి ముందే మెయిల్ రాసి అడగండి. జవాబు ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి. పార్ట్‌నర్ ఎంత ప్రేమతో అన్నా సరే, "నేరుగా మీ ట్రెజరర్ అకౌంటుకు పంపిస్తాం" అంటే ఒప్పుకోవద్దు. అది చట్టం ముందు నిలవదు.

ఇవన్నీ అయ్యాక గ్రాంట్ సెంటర్ తెరవండి. రెండు వైపులా ముగ్గురేసి సభ్యుల కమిటీలు ఉండాలి. ఈ ముగ్గురిని ఎంచేటప్పుడు అధ్యక్షుడి పదవీకాలం చూడకండి. మన దగ్గర ప్రాజెక్టులు ఆగిపోయేది జూన్ 30 దగ్గరే. కొత్త అధ్యక్షుడు వస్తాడు, ఆయనకు వేరే ఆలోచన ఉంటుంది, పాత ఫైలు బీరువాలోకి పోతుంది. అవతల పార్ట్‌నర్ జవాబు కోసం చూస్తూ ఉంటాడు. మూడేళ్లు నిలబడి పనిచేసే ముగ్గురు కావాలి, వాళ్లలో ఒకరికి లెక్కలు రావాలి, ఒకరికి వారం వారం బళ్లకు వెళ్లే ఓపిక ఉండాలి. మొదలుపెట్టి 12 నెలల్లో పంపని డ్రాఫ్టు రద్దవుతుంది. మంజూరయ్యాక ఆరు నెలల్లో డబ్బు జమచేసి మిగతా షరతులు పూర్తిచేయాలి.

దరఖాస్తులో నేను ఎక్కువ సమయం పెట్టేది ఒకే ప్రశ్న మీద: గ్రాంటు డబ్బు అయిపోయాక ఇది ఎట్లా నడుస్తుంది? దీనికి "స్థానికులు చూసుకుంటారు" అని రాస్తే సరిపోదు. ఎవరు, ఎంత డబ్బుతో, ఎక్కడి సామానుతో అన్నది రాయాలి. కుళాయిలు చిత్తూరు బజారులో దొరికే రకమే పెట్టించండి, విరిగితే బడి ఆయా కూడా కొని తెచ్చే రకం. మోటారు కాలితే బాగుచేసే మెకానిక్ పేరు, ఊరు, అయ్యే ఖర్చు కనుక్కుని రాయండి. సబ్బు, ఫినాయిలు నెలకెంత అవుతుందో లెక్కవేసి, ఆ ఖర్చు భరిస్తామని పేరెంట్స్ కమిటీ మినిట్స్ బుక్కులో తీర్మానం రాయించండి. కరెంటు బిల్లు ఎవరు కడతారో కూడా అందులోనే ఉండాలి. ప్రతి బడిలో ఒక టీచరమ్మకు నెలసరి శుభ్రత గురించి పిల్లలతో మాట్లాడే శిక్షణ పెట్టండి. డీఈఓ అనుమతి పత్రం జత చేయండి. ఒక దాత బాగా ఖర్చుపెట్టి కట్టించిన ట్యాంకు దగ్గర ఒకసారి వంటామె నాతో, "కట్టేసి పోయినారు మేడమ్. మోటారు కాలింది. ఎవురికి చెప్పాలో ఎవురికీ తెలీదు" అంది. ఆ ఖాళీ ట్యాంకు కింద నిలబడి ఆ మాట విన్నప్పటినుంచి ఈ ప్రశ్నకు జవాబు దొరకని ప్రాజెక్టును నేను ముందుకు తీసుకెళ్లడం లేదు.

లక్ష్యాలు అంకెల్లో ఉండాలి. ఇప్పుడు పనిచేసే కుళాయిలు ఎన్ని, తర్వాత ఎన్ని, ఎంతమంది పిల్లలకు అందుతాయి అన్నది పని మొదలుకాకముందే లెక్కబెట్టి ఉంచుకోండి. ఎనిమిది నుంచి పదో తరగతి దాకా ఆడపిల్లల హాజరు పట్టీ ఒక ఏడాదిది జెరాక్స్ తీసుకోండి. తర్వాతి ఏడాదితో పోల్చడానికి అంతకంటే నమ్మకమైనది లేదు.

బడ్జెట్‌కు ప్రతి పెద్ద ఖర్చుకూ మూడు కొటేషన్లు తీసుకోండి, జీఎస్టీ కలిపి. రూపాయల ధరలను డాలర్లలోకి మార్చడానికి రోటరీ నెలనెలా ఇచ్చే రేటు వాడాలి. అనుకోని ఖర్చులకు 10 శాతం దాకా పెట్టుకోవచ్చు, తప్పక పెట్టుకోండి, సిమెంటు ధర మన మాట వినదు. సరుకు అమ్మేది క్లబ్బు సభ్యుడైనా, ఆయన బావమరిది అయినా దాచకుండా దరఖాస్తులో రాయాలి. ఇక్కడ మొహమాటం పనికిరాదు. ఖాతా విడిగా తెరిచి ఇద్దరు సంతకాలు పెట్టేలా ఏర్పాటు చేయండి.

రెండు క్లబ్బులవాళ్లు, రెండు డిస్ట్రిక్టులవాళ్లు ఆన్‌లైన్‌లో ఆమోదం తెలిపాకే దరఖాస్తు వెళ్తుంది. దరఖాస్తులు ఏడాది పొడుగునా తీసుకుంటారు. తర్వాత గ్రాంట్స్ ఆఫీసర్ నుంచి ప్రశ్నలు వస్తాయి. కొత్తవాళ్లు వాటిని చూసి తిరస్కరించారేమో అనుకుని డీలా పడతారు. ప్రశ్న వచ్చిందంటే ఎవరో శ్రద్ధగా చదివారన్నమాట. అడిగినదానికి అడిగినంత జవాబు వారంలోపు పంపండి.

బయటి దేశంలో జరిగే ప్రాజెక్టుకు మన క్లబ్బు ఇంటర్నేషనల్ పార్ట్‌నర్‌గా ఉండటమూ కుదురుతుంది. మనం ఎప్పుడూ తీసుకునేవాళ్లమే అనుకోనక్కర్లేదు. 1991-92లో రోటరీ ప్రపంచ అధ్యక్షుడిగా ఉన్న చండీగఢ్ వాసి రాజేంద్ర సాబూ తర్వాతి కాలంలో భారతీయ డాక్టర్ల బృందాలను ఆఫ్రికా దేశాలకు తీసుకెళ్లి ఆపరేషన్లు చేయించారు. స్విమ్స్, రుయా ఆస్పత్రులున్న తిరుపతి క్లబ్బులు ఆ దిశగా ఎందుకు ఆలోచించకూడదని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది.

డబ్బు వచ్చాక 12 నెలలకోసారి ప్రోగ్రెస్ రిపోర్టు, పని ముగిసిన రెండు నెలల్లోపు ఫైనల్ రిపోర్టు పంపాలి. రిపోర్టు ఆగితే తర్వాతి గ్రాంటు కూడా ఆగుతుంది. బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, హాజరు పట్టీల జెరాక్సులు కనీసం ఐదేళ్లు భద్రంగా ఉంచాలి. ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతా అయితే ఎంతకాలం ఉంచాలో మీ ఆడిటరును అడగండి. సామాను అనుకున్నదానికంటే చవకగా దొరికి డబ్బు మిగిలితే, దాన్ని మీకు తోచిన వేరే పనికి వాడేయకండి. ముందు గ్రాంట్స్ ఆఫీసర్‌కు మెయిల్ రాయండి. అదే రకం అవసరమున్న ఇంకో బడిని కలుపుకోవడానికి అనుమతి అడగండి. ఆ బడికీ అసెస్‌మెంట్ చేసి పంపాల్సి వస్తుంది కాబట్టి, మీ జాబితాలో లేని రెండు మూడు బళ్లకు కూడా మొదట్లోనే వెళ్లి నోటుబుక్కులో రాసిపెట్టుకోండి.